చిల్లు పూడ్చిన చిలుక

'ఇత్తడి చిలుక' సీరియల్: తొమ్మిదో భాగం

పర్సు చంకలో ఇరికించుకుని, చిలుకలు వేలాడే గోడ ముందు నిలబడి, కింది వరసలో ఓ చిలుకని వేలెత్తి చూపిస్తూ, "అది నాది. దాని పక్కది మా అన్నది. నాది మీరే ఉంచుకోండి. మా అన్నది ఇప్పించండి" అన్నదావిడ. పోయిన వారం ఆవిడని అక్కడే, ఎత్తిన వేలు ఎత్తినట్టే వదిలేసి వచ్చాం. వారం రోజులు వేలెత్తి నిలబడటమంటే బళ్ళో అల్లరి పిల్లలకి కూడా పడని శిక్ష. ముందు ఆ వేలు దింపిద్దాం.

కథ ఓడలోకి ఇవాళే ఎక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున, హైవే పక్కన ఓడ ఆకారంలో కట్టిన హోటలొకటి ఉండేది. పేరు ఇత్తడి చిలుక. ఒడ్డున అన్నమాటే గానీ, నీళ్ళకి చాలా ఇవతల మొక్కజొన్న చేలో లంగరేసి ఉండేది. వడ్డించేవాళ్ళందరికీ సముద్రపు దొంగల్లాగా ఒక కంటికి నల్ల గంత. ఒంటికంటి వడ్డన కాబట్టి చేప వేపుడు సగం కంచంలో, సగం ఒళ్ళో పడేది. యజమాని ఆంబ్రోస్ టటిల్‌ని ఊరంతా కెప్టెన్ అని పిలిచేది. ఆ కెప్టెన్‌కి పడవెక్కితే కడుపులో తిప్పేది. అందుకే కదలని ఓడ కట్టుకున్నాడు. పిల్లలకి పింగాణీ చిలుక కప్పుల్లో రూట్ బీర్ పోసి ఇచ్చేవాడు. అది పేరుకే బీరు. తాగితే మత్తెక్కదు, మూతి మీద నురగ మీసం మొలుస్తుంది, అంతే. తరచూ వచ్చే పిల్లల పేర్లు కప్పు పొట్ట మీద బంగారు రంగుతో రాసి, గోడకి కొయ్యలు దిగ్గొట్టి వాటికి తగిలించేవాడు. చిలక్కొయ్య అన్న మాటకి భూమ్మీద అంతకన్నా న్యాయం ఇంకెక్కడా జరిగి ఉండదు.

హోటలు మూతపడింది. ఓడ మునక్కుండానే పోయింది. బుల్డోజరు వచ్చి నేలమట్టం చేసింది. గోడ మాత్రం చిలుకలతో సహా ఆర్విల్ స్టానెక్ ఇంటికి చేరింది. ఆర్విల్ రంగుల దుకాణం నడిపి రిటైరైనవాడు. పాతకాలపు వింత హోటళ్ళు పిల్లలకిచ్చిన కాగితం టోపీలు, అట్ట మాస్కులు, బొమ్మ కప్పులు పోగుచెయ్యడం ఆయన పిచ్చి. చిలుకల గోడ భోజనాల గదిలో దిగబడ్డాక ఆ గదిలో భోజనం తప్ప అన్నీ ఉన్నాయి. ఆయన భార్య బెర్నడీన్ ఏళ్ళతరబడి వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటోంది. ఇన్నాళ్ళకి సరస్సు అవతలి గట్టు నించి గ్రీర్ అనే ఆయన ఫోన్ చేసి, గోడ మొత్తం కొంటాను, ఉన్నది ఉన్నట్టుగా కావాలి, ఒక్క చిలుక తగ్గినా నాకొద్దు అన్నాడు. ఇవాళ మధ్యాహ్నమే వస్తున్నాడు. పొద్దున లేస్తూనే బెర్నడీన్ అటక మీంచి భోజనాల బల్లకి వేసే బట్ట తీసి ఇస్త్రీ చేసిపెట్టుకుంది.

సరిగ్గా ఆ పూటే వచ్చిందీ వేలెత్తిన మనిషి. లోరెట్టా పెంబర్. నలభైకి దగ్గర పడుతోంది. రెండూళ్ళ అవతల కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినప్పుడే ఆర్విల్‌కి ఆవిడ తీరు నచ్చలేదు. వాకిట్లో తళతళలాడే ఇత్తడి గంట పెట్టుకున్నాడాయన, దాన్ని వదిలేసి తలుపు కొట్టింది. రెండు దెబ్బలు, చిన్న ఆగుడు, ఇంకో దెబ్బ. గంటుండగా ఈ వడ్రంగిపిట్ట పనేమిటని ఆయన విసుక్కుంటే, వడ్రంగిపిట్ట కాదు చిలక్కొట్టుడు అన్నదామె. ఓడ తలుపు పిల్లలకి తెరవాలంటే అలా కొట్టాలని కెప్టెన్ నియమంట. ఏ తలుపు చూసినా చెయ్యి దానంతటదే అలాగే కొడుతుందట.

ఇదీ ఇప్పటిదాకా. ఇక వేలు దిగింది.

వేలు దిగింది గానీ ఆర్విల్ దిగిరాలేదు. సెట్టు అంటే ఏమిటో ఆమెకి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. సెట్టులోంచి ఒక్కటి తీస్తే అది సెట్టు కాదు, సెట్టు కానిది ఎక్కడా సెటిల్ కాదు. నవ్వే నోట్లో ముందు పన్ను ఊడితే మిగిలిన పళ్ళన్నీ ఉన్నా ఎవరికి కావాలి అన్నాడు. కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిన బెర్నడీన్ అక్కణ్ణించే, పళ్ళ సెట్టు సంగతి ఆయనకి అనుభవమే, రాత్రిపూట గ్లాసులో వేసి పడుకుంటాడు, వినమ్మా అని కేకేసింది.

లోరెట్టా నవ్వలేదు. బతిమాలనూ లేదు. దుకాణంలో అద్దాలు తుడిచే మనిషి కదా, మాటలు కూడా ఒక్కొక్కటే తుడిచి పెట్టినట్టు చెప్పింది.

వాళ్ళమ్మ మొన్న చలికాలంలో పోయింది. ఆవిడని పాతిపెట్టిన చోట పక్కనే ఇంకో రాయి ఉంది, దాని మీద అన్న పేరు, వెండెల్. అన్నకి పదకొండేళ్ళప్పుడు, తనకి ఎనిమిదేళ్ళప్పుడు, ఇంట్లో అమ్మకీ నాన్నకీ మాటకి మాట పెరిగి, జూన్‌లో ఓ పొద్దున నాన్న హార్లన్ కొడుకుని వెంటబెట్టుకుని చేపలకని పడవ మీద వెళ్ళాడు. మధ్యాహ్నానికి సరస్సు మీద గాలివాన లేచింది. మూడోనాడు పడవ దొరికింది, బోర్లాపడి. మనుషులు దొరకలేదు. అమ్మ వేసవంతా ఎదురుచూసింది. సెప్టెంబరులో ఎదురుచూడటం మానేసి రాయి వేయించింది. ఇంకెప్పుడూ చేప వండలేదు. సరస్సు కనబడని ఊరికి ఇల్లు మార్చేసింది.

"ఆ రాయి కింద ఏమీ లేదు మిస్టర్ స్టానెక్" అంది లోరెట్టా. "గడ్డి కోసే అతను కూడా దాని చుట్టూ జాగ్రత్తగా కోస్తాడు. ఏమీ లేనిదాని చుట్టూ అంత జాగ్రత్త. చూడలేను నేను. ఈ శనివారం మా అన్న కప్పు అక్కడ పెడదామని. వాడి చెయ్యి తగిలిన వస్తువు ప్రపంచంలో అదొక్కటే మిగిలింది."

రంగుల దుకాణంలో నలభై రకాల తెలుపు అమ్మిన మనిషి ఆర్విల్. ముఖం ఏ రకంగా తెల్లబోతోందో తనకే తెలుస్తోంది. మెత్తబడ్డాడు. కానీ మెత్తబడటం వేరు, మెడ వంచడం వేరు. ముందు ఆమెకి కప్పు ఫోటో తీసిస్తానన్నాడు. తర్వాత ఇండియానాలో ఓ సేకర్త దగ్గర ఇలాంటిదే ఇంకో చిలుక ఉంది, రాసి తెప్పిస్తానన్నాడు. చివరికి, మీ కప్పు తీసుకెళ్ళండి, గ్రీర్‌కి ఏదో సర్దిచెబుతాను, దాన్నే అక్కడ పెట్టుకోండి అన్నాడు.

"నా కప్పు పాతిపెట్టి ఏం చెయ్యను? నేను బతికే ఉన్నాగా."

ఆర్విల్ చెయ్యి కొయ్య దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆఖరికి వెండెల్ అన్న పేరున్న చిలుకని దింపి, ఇస్తున్నానని కాదు, ఊరికే పట్టుకోండి అంటూ ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆకుపచ్చ చిలుక. తోక వంపు తిరిగి పిడి అయింది. ముక్కు దగ్గర ఎరుపు కొద్దిగా పోయింది. ఎన్ని మూతులు తగిలాయో. ముక్కూ మొహం బాగా ఎరిగిన ఆ చిలుకని ఆమె ముక్కు మీద వేలితో రాసింది. పొట్ట మీది పేరు చదివింది. తర్వాత ఆర్విల్ ఊహించని పని చేసింది. కప్పుని బోర్లా తిప్పి, అడుగున బొటనవేలితో మెల్లిగా తడిమింది.

"చిల్లు లేదు" అంది. అదేదో ముందే తెలిసిన సంగతి మరోసారి విన్నట్టు తలాడించింది.

ఆర్విల్‌కి రోషం వచ్చింది. తన గోడ మీద చిల్లు కప్పా? చిల్లు పడితే చిల్లర కూడా రాదని తెలియనివాడా తను? ఒక్క చిల్లు చూపించండి, నా ముక్కు కోసి చిలుకకి తగిలిస్తానన్నాడు.

"అలాక్కాదు" అంది లోరెట్టా. "ఉంటే బాగుండేది. చిల్లంటే ఓడ దిగినట్టు."

ఓడ దిగడమేమిటని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. అది ఆ హోటలు పిల్లలకి తప్ప బయటి పురుగుకి తెలియదు. ఎవరికి పన్నెండో పుట్టినరోజు వస్తే వాళ్ళు ఆవేళ ఓడ దిగిపోవాలి. కొయ్య మీంచి కప్పు దింపి, ఆఖరిసారి నిండా రూట్ బీర్ పోసేవాడు కెప్టెన్. తాగేశాక ఆ పిల్లో పిల్లాడో కప్పుని బోర్లా తిప్పి, రెండు చేతుల్తో గట్టిగా పట్టుకోవాలి. కెప్టెన్ చేతి బర్మా తెచ్చి, అడుగున శనగగింజంత చిల్లు పెట్టేవాడు. పట్టుకున్న చేతులు కదిలాయా, కప్పు రెండు ముక్కలే. కాబట్టి పెట్టేంతసేపూ హోటలంతా ఊపిరి బిగబట్టేది. చిల్లు పడ్డాక ఆ కప్పులో ఇంకెవరూ తాగలేరు. అది ఇక నీదే, పట్టుకుపో, పెద్దవాడివయ్యావు అని చేతిలో పెట్టి పంపించేవాడు.

"గోడ మీద మిగిలినవన్నీ ఓడ దిగని పిల్లలవి" అంది. "ఊళ్ళు మారిపోయినవాళ్ళు, రావడం మానేసినవాళ్ళు. వాడి పుట్టినరోజు ఆగస్టులో. జూన్‌లోనే పోయాడు. పోయేదాకా నెలల తరబడి దాని గురించే మాట్లాడేవాడు తెలుసా? చేతులు కదలకుండా ఉండాలని నా తల మీద గిన్నె బోర్లించి సాధన చేసేవాడు."

ఆర్విల్ కూర్చున్నాడు. అక్కడ కుర్చీ ఉండటం ఆయన అదృష్టం, చూసుకుని కూర్చోలేదు.

పాతకాలపు బొమ్మ కప్పులు పోగుచేసేవాళ్ళ లోకంలో చిల్లుకి ఒకటే అర్థం. ఎవడో బుద్ధిలేనివాడు కప్పుని బల్లదీపంగా మార్చబోయి, తీగ దూర్చడానికి అడుగున కన్నం పెట్టాడని. వాళ్ళ భాషలో అది దీపం చిల్లు. అది పడ్డ కప్పుకి దీపం పెట్టేసినట్టే లెక్క. సంతల్లో అక్కడక్కడా చిల్లు చిలుకలు దొరుకుతాయి, ఎవరూ ముట్టుకోరు. ఒహాయో నిండా ఇన్ని చిలుకల్ని దీపాలు చేసినవాళ్ళెవరా అని ఆర్విల్ కూడా ఎన్నోసార్లు నోరు పారేసుకున్నాడు. కన్నం కనబడిందే గానీ కన్ను తెరుచుకోలేదు.

గోడ ఇంటికొచ్చిన రోజు ఒకే ఒక్క చిలుకకి దీపం చిల్లుంది. కూల్చేవాళ్ళలో ఎవడో చేశాడనుకుని తిట్టుకున్నాడు. చిల్లుని జిగురుపిండితో పూడ్చి, అరగదీసి, తన జీవితంలో నేర్చుకున్న రంగులన్నీ కలిపి, ఆ ఆకుపచ్చకి సరిజోడు ఆకుపచ్చ కుదిర్చి, పైన మెరుగు పూశాడు. సేకర్తల సంఘం సమావేశానికి పట్టుకెళ్ళి, ఇందులో అతుకెక్కడుందో పట్టుకోండి చూద్దామని పందెం వేశాడు. భూతద్దాలు పెట్టి చూసినా ఎవరికీ దొరకలేదు. ఆ ఏడాదంతా మీసం లేకుండానే మీసం మెలేశాడు.

ఆ చిలుక పొట్ట మీద ఉన్న పేరు వెండెల్.

ఇప్పుడు నోరు విప్పకపోతే చాలు. ఆమె చెయ్యి తడిమి చూసి చిల్లు లేదని తీర్మానించేసింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, కప్పు ఇచ్చినా ఇవ్వకపోయినా తన ఊరు వెళ్ళిపోతుంది. గోడ గోడలా ఉంటుంది, గ్రీర్ వస్తాడు, బెర్నడీన్ బల్ల మీద బట్ట పరుస్తుంది. ముప్పై ఏళ్ళ కిందట పోయిన పిల్లాడు పోయినట్టే ఉంటాడు. అలా ఉండటానికి ఆమె అలవాటు పడింది కూడా. అలవాటు పడ్డ దుఃఖాన్ని కదిలించే హక్కు రంగులవాడికెవరిచ్చారు? ఇవన్నీ ఆర్విల్ తనకి తనే చెప్పుకున్నాడు. చక్కగా చెప్పుకున్నాడు. అతుకు కనబడకుండా చెప్పుకున్నాడు.

కాఫీ పళ్ళెం పట్టుకుని బెర్నడీన్ గుమ్మంలో నిలబడింది. ఎప్పణ్ణించి నిలబడిందో, ఎంత విన్నదో. ఆ జిగురుపిండి గట్టిపడటానికి ఆయన చిలుకని పెట్టింది ఆవిడ పొయ్యిలోనే. తర్వాత నెల్లాళ్ళు ఆవిడ కాల్చిన ఆపిల్ కేకులన్నీ వార్నిష్ వాసనే. కాబట్టి ఆ చిల్లు సంగతి ప్రపంచంలో ఇద్దరికి తెలుసు. ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. మొగుడి ముఖంలోకి చూసింది.

"కర్టెన్లు వెయ్యమంటావా ఆర్విల్?" అంది.

అంతే అన్నది. ఆ ఒక్క మాటతో ఆయన ఇంతసేపూ తనకి చెప్పుకున్నదంతా పెచ్చులూడిపోయింది.

ఆయన లేచి అలమారలోంచి ఊదారంగు దీపం తీశాడు. అతుకులు పట్టడానికి సేకర్తలు వాడేది అది. చీకట్లో వేస్తే పాత పింగాణీ నల్లగా ఉండిపోతుంది. కొత్తగా పూసినదేదైనా ఉంటే తెల్లగా వెలుగుతుంది. అబద్ధం మెరుస్తుంది, నిజం మెరవదు. సంఘంలో పందెం వేసిన రోజు ఈ దీపాలు తేకూడదని ముందే షరతు పెట్టాడు మరి.

బెర్నడీన్ పట్టపగలు గదిని చీకటి చేసింది. ఆర్విల్ లోరెట్టా చేతుల్లోంచి కప్పు తీసుకోలేదు. ఆమె చేతుల్లోనే బోర్లా తిప్పించి, దీపం మీట నొక్కాడు.

చిలుక నల్లబడిపోయింది. అడుగున మాత్రం, శనగగింజంత, గుండ్రంగా, తెల్లగా వెలిగింది.

"ఇది నేను పూడ్చింది" అన్నాడు. "ఇది నా ఇంటికి వచ్చినప్పుడు దీనికి చిల్లుందమ్మా."

లోరెట్టా చాలాసేపు ఆ చుక్కనే చూసింది. మీరు ఇంకో కప్పు అనుకుని పొరబడి ఉంటారంది. పొరబడితే బాగుండునని ఆయనకీ అనిపించింది. కొయ్యల మీంచి ఒక్కొక్క చిలుకనే దింపి, బోర్లించి, దీపం కింద పెట్టాడు. పై వరస, మధ్య వరస, కింది వరస. ఏ చిలుకా వెలగలేదు. లోరెట్టా పేరున్న చిలుకని కూడా పెట్టాడు. దాని అడుగు నిండు చీకటిగా ఉంది.

బెర్నడీన్ ఓ కుర్చీ జరిపి, కూర్చో తల్లీ అంది. ఆమె కూర్చోలేదు.

"కెప్టెన్ ఊరికే చిల్లు పెట్టడు" అంది నెమ్మదిగా. "పిల్లలు లేకుండా పెట్టడు. ఎవరి కప్పు వాళ్ళే పట్టుకోవాలి. వాడే పట్టుకోవాలి."

కెప్టెన్ మంచివాడు కదా, పోయిన పిల్లాడి గుర్తుగా తనే పెట్టి తగిలించాడేమో అన్నాడు ఆర్విల్. ఆ మాటలో ఆశ ఉందో భయం ఉందో ఆయనకే తెలియలేదు.

"గుర్తుగా అయితే మా అమ్మకి తెచ్చి ఇచ్చేవాడు" అని, ఉన్నట్టుండి ఆగిపోయింది. చీకట్లో ఆమె ముఖం కనబడటంలేదు. "సెప్టెంబరులో, రాయి వేసిన రోజున, కెప్టెన్ వచ్చాడు. టోపీ గుండెకి పెట్టుకుని నిలబడ్డాడు. మా అమ్మ ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. బాధ అనుకున్నాను. వెళ్ళేటప్పుడు నా దగ్గర వొంగి, నీ చిలుక దాహంగా ఉందే పిల్లా, ఒకసారి వచ్చి పలకరించు, పక్క చిలుక కూడా నీకోసం చూస్తోంది అన్నాడు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేసింది. ఇంకెప్పుడూ అటు వెళ్ళలేదు నేను."



ఆ తర్వాతి ముక్క ఆమె చెప్పక్కర్లేదు, ముగ్గురికీ తెలిసిపోయింది. బోర్లాపడ్డ పడవలో ఎవరూ మునగలేదు, తండ్రి కొడుకుని తీసుకుని మాయమయ్యాడు. ఆగస్టులో ఓ రోజు ఓ పిల్లాడు మొక్కజొన్న చేలో ఓడెక్కాడు. చేతులు కదలకుండా కప్పు పట్టుకున్నాడు. చిల్లు పడింది, కప్పు సొంతమైంది, ఇంటికి పట్టుకుపోవాలి. పట్టుకుపోలేదు. తీసిన కొయ్యకే తిరిగి తగిలించేశాడు. ఎందుకంటే ప్రతి ఆదివారం చెల్లెలు వస్తుంది. తన కప్పు దింపుకుంటుంది. దింపుకుంటూ పక్క కప్పుకేసి చూస్తుంది. చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకూడని సంగతిని ఇంతకన్నా ఏ పిల్లాడు చెప్పగలడు? చెల్లెలు రాలేదు. చిలుక ఆ ఒక్క మాటా నోట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ కొయ్యకే వేలాడింది.

"పలికే చిలక నోరు నేను నొక్కేశాను" అన్నాడు ఆర్విల్. ఆయన గొంతులో ఆటలేవీ లేవు. "జిగురు పెట్టి మరీ నొక్కేశాను. పైగా అందరికీ చూపించుకున్నాను."

"మీరు పూడ్చారు కాబట్టే వెలిగింది" అంది లోరెట్టా. ఓదార్పుగా అన్లేదు. లెక్క సరిచూసినట్టు అంది. ఆ తర్వాతే కూర్చుంది. బెర్నడీన్ జరిపి ఉంచిన కుర్చీ అప్పుడు పనికొచ్చింది.

కప్పు మీది, తీసుకువెళ్ళండి, గ్రీర్ కొంటే కొంటాడు మానితే మానతాడు అన్నాడు ఆర్విల్. ఇంతదాకా ఆ మాట ఆయన నోట ఎప్పుడొస్తుందా అని చూసిన బెర్నడీన్, ఇస్త్రీ చేసిన బల్లబట్ట కేసి ఒకసారి చూసి, మాట్లాడకుండా మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. కానీ ఇప్పుడు ఆ కప్పుని ఏ రాయి దగ్గర పెట్టాలి? శనివారం దాన్ని పెట్టడానికి వచ్చిన మనిషి, దాన్ని పొట్టకి ఆనించుకుని కూర్చుంది. పెట్టే మనిషిలా లేదు.

గ్రీర్ పేరు పైకి అన్నాకనే ఆర్విల్‌కి గుర్తొచ్చింది.

గ్రీర్ ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న ధర కాదు. ఎన్ని ఉన్నాయనీ కాదు. కప్పుల్లో దేనికైనా చిల్లుందా అని అడిగాడు. సేకర్తలంతా అడిగేదే కదా అనుకుని ఆర్విల్, ఒక్క చిల్లు లేదు సార్, నాదీ పూచీ అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నంతసేపు లేదు. తర్వాత, ఒక్కదానికి కూడానా అని మళ్ళీ అడిగాడు. ఒక్కదానికి కూడా అన్నాడు ఆర్విల్. అయినా వచ్చి చూస్తానన్నాడా మనిషి. గోడలోంచి ఒక్క కొయ్య కూడా కదపకండి అన్నాడు.

"ఆనందంతో నోట మాట రాలేదు పాపం అన్నావు నువ్వు నాతో" అంది బెర్నడీన్.

ఆర్విల్ లోరెట్టా కేసి తిరిగాడు. మీకో విషయం చెప్పాలి, ఇవాళ వస్తున్న మనిషి సరస్సు అవతల నించి వస్తున్నాడు, గొంతు వింటే మీకన్నా కాస్త పెద్దవాడిలా అని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకండి" అంది. "వాణ్ణి ఇప్పుడే ఒకసారి బతికించారు. ఇవాళే మళ్ళీ చంపితే నేను ఓర్చుకోలేను."

బయట కంకర మీద కారు చక్రాలు నలిగాయి.

బెర్నడీన్ కర్టెన్ తియ్యబోయి మానేసింది. కారు తలుపు పడింది. మెట్ల మీద అడుగులు, తొందర లేని అడుగులు, వాకిట్లోకి వచ్చి ఆగాయి. తలుపు పక్కన ఇత్తడి గంట ఉంది. ఆర్విల్ దానికి వారం వారం మెరుగు పెడతాడు. గుడ్డివాడికి కూడా కనబడుతుంది. ముగ్గురూ ఆ గంట మోగుతుందని చూశారు. మోగాలని ఆర్విల్ కోరుకున్నాడు. మోగకూడదనీ కోరుకున్నాడు.

గంట మోగలేదు.

తలుపు మీద ఓ దెబ్బ పడింది. దాని వెనకే ఇంకోటి.

తర్వాత చప్పుడు ఆగింది. లోరెట్టా కళ్ళు మూసుకుంది. కప్పుని బోర్లా తిప్పి, రెండు చేతుల్తో, కదలకుండా పట్టుకుంది.